ఇవ్వని చెయ్యి
(షోయబుల్లాఖాన్ స్మృతిలో వేములవాడలో చేసిన ఉపన్యాసం)



రాజన్న దర్శనం చేసుకొని నుదుటి విభూతితోనే వచ్చి కూర్చున్న పెద్దలకు, మగ్రిబ్ నమాజు ముగించుకొని ఇప్పుడిప్పుడే వెనక వరుసల్లో చేరుతున్న మిత్రులకు, బీడీల చాట పక్కన పెట్టి వచ్చిన అక్కలకు, ముందు వరుసలు నింపిన కాలేజీ పిల్లలకు నా వందనాలు.

ఈ సాయంత్రం మనం ఎవరి పేరు తలుచుకుంటున్నామో ఆయనకు చనిపోయేనాటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17న పుట్టారు. ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్నారు. చదువుకున్న ముస్లిం యువకుడికి నిజాం కొలువులో కుర్చీ దొరకడం పెద్ద కష్టం కాని రోజులవి. ఆయన ఆ దారి పట్టలేదు, ఉర్దూ పత్రికల్లో చేరారు. మొదట 'తేజ్', ఆ తరువాత మందుముల నరసింగరావు గారి 'రయ్యత్'. రెండింటినీ సర్కారు మూయించింది. 1947 నవంబరులో బూర్గుల రామకృష్ణారావు గారి వంటి మిత్రుల తోడ్పాటుతో తానే 'ఇమ్రోజ్' పెట్టారు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని, నిజాం పక్షాన తిరిగే సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యం ఆగాలని అందులో రాశారు. నిజాంకు అదే సలహా ఇస్తూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చు వేశారు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలిసి కాచిగూడ వైపు ఇంటికి పోతుంటే దారి కాచి కొట్టారు. రాసే చెయ్యి నరికారు. తెల్లవారకముందే ఆయన ప్రాణం పోయింది. ఇరవై ఆరు రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.

ఆయన్ని చంపినవాళ్ళు పరాయి మతంవాళ్ళు కారు. ఆయన చదివిన కలిమానే చదివినవాళ్ళు. మతానికీ రాజకీయానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు మొదట తోచింది ఆ చెయ్యే. కాబట్టి చెయ్యి గురించే మాట్లాడతాను. కొంచెం చుట్టు తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

1

ముందు మన ఊరి నుంచే మొదలుపెడతాను. రాజరాజేశ్వరుడి గుడి ఆవరణలో దర్గా ఉంది. సుమారు 400 ఏళ్ళ నాటిదని అంటారు. శివుణ్ణి కొలుచుకుంటూ ఇక్కడే ఉండి, ఇక్కడే కన్నుమూసిన ముస్లిం భక్తుడి సమాధి అది అని పెద్దల మాట. ధర్మగుండంలో మునిగి, కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి, మొక్కు తీర్చుకున్న రైతు ఆ తడి బట్టలతోనే దర్గా ముందు కూడా నిలబడి దండం పెట్టి పోతాడు. మేడారం సమ్మక్క దగ్గరికి పోయే ముందు రాజన్నను చూసుకోవడం మన వైపు ఆచారం గనుక, జాతర ఏడాది వచ్చిందంటే ఆ దర్గా ముందు నుంచి నడిచిపోయేవాళ్ళు లక్షల్లో ఉంటారు.

బయటి నుంచి ఎవరు వచ్చినా మనం ఇది చూపిస్తాం. నేనూ చూపించాను. చూపించిన ప్రతిసారీ గర్వపడ్డాను. అయితే ఒకసారి మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక మిత్రుడు అన్నీ విని, మీ ఊరి మసీదులో నమాజులో ఏం చదువుతారో మీకు తెలుసా అని అడిగాడు. నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. పోతన పద్యం ఎక్కడ అడిగినా చెప్పగలను. నా చిన్ననాటి నుంచి రోజుకు ఐదుసార్లు నా చెవిన పడుతున్న అజాన్‌కు అర్థం ఏమిటో, ప్రతి నమాజులోనూ చదివే ఫాతిహాలో ఏడు వాక్యాలు ఏమి కోరుకుంటాయో యాభై ఏళ్ళు దాటాక గాని తెలుసుకోలేదు. ఆ ఏడు వాక్యాలూ దయామయుడైన దేవుణ్ణి స్తుతించి, సరైన తోవ చూపమని, దారి తప్పినవాళ్ళ తోవ వద్దని వేడుకుంటాయి. 

పక్కపక్కన బతకడం మన ఊరికి తెలుసు. దాన్ని నేను తక్కువ చెయ్యను, ఎన్నో ఊళ్ళకు అది కూడా లేదు. కానీ పక్కన ఉండడం వేరు, మాట్లాడుకోవడం వేరు. దర్గాకు దండం పెట్టడానికి ఇస్లాం గురించి ఏమీ తెలియనక్కర లేదు. ఆ తెలియనితనం మంచి రోజుల్లో ఎవరికీ అడ్డం రాదు. చెడ్డ రోజు వచ్చి, ఎవడో ఫోనులో ఒక అబద్ధం పంపినప్పుడు, అది అబద్ధమని చెప్పడానికి కావలసిన తెలివిడి మన దగ్గర ఉండదు.

2

ఇప్పుడు మొహర్రం పీరీల పండుగ దగ్గరికి వస్తాను. ఇక్కడున్న పెద్దవాళ్ళలో పీరీల గుండం చుట్టూ ఎగరని వాళ్ళు ఎంతమంది? మా ఊళ్ళో గుండం తవ్వడానికి గుద్దలి వేసిన నాటి నుంచి మాకు బడి మీద ధ్యాస ఉండేది కాదు. పీరీల కొట్టంలో ఊదు పొగ, దట్టీలు, కుడుకల దండలు, మలీద ముద్దలు. మా నాయనమ్మ మొక్కుకొని బెల్లం పానకం పోసేది. పీరు ఎత్తేవాళ్ళలో గొల్లలు, మాదిగలు, మున్నూరు కాపులు అందరూ ఉండేవాళ్ళు. సవారి ఇంటి ముందుకు వస్తే కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళు. హసన్, హుసేన్‌లను మా వాళ్ళు ఆశన్న, ఊశన్న అనుకున్నారు. ఆ పేర్లు పిల్లలకు పెట్టుకున్నారు. అన్నారం యాకూబ్ షావలి దర్గాకు మొక్కి కన్న కొడుకు ఓరుగల్లు వైపు యాకయ్య అయ్యాడు. జాన్‌పహాడ్ సైదులుకు మొక్కి కన్నవాడు నల్లగొండలో సైదులు అయ్యాడు. ఈ పేర్లవాళ్ళు హిందువులుగానే ఉన్నారు.

ఇదంతా మీకు తెలిసిందే. తెలిసినా మనం అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పీరు ఏమిటి? ఎవరికోసం పది రోజులు ఏడుస్తున్నాం?

క్రీస్తుశకం 680లో, హిజ్రీ 61 మొహర్రం పదో నాడు, ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు ఇమామ్ హుసేన్ తన కొద్దిమంది మనుషులతో చనిపోయాడు. ఎదురుగా ఉన్నది ముస్లిం సైన్యమే. ఆ సైన్యానికి ప్రభువు యజీద్, ముస్లింలకు ఖలీఫాగా కూర్చున్నవాడు. హుసేన్‌ను అతను అడిగింది ఒక్కటే, బైఅత్ చెయ్యమని. బైఅత్ అంటే ప్రభువు చేతిలో చెయ్యి వేసి, నీ పాలనకు ఒప్పుకుంటున్నాను అనడం. ప్రవక్త మనుమడు చెయ్యి వేస్తే ఆ పాలనకు మతం ముద్ర పడ్డట్టే. హుసేన్ చెయ్యి ఇవ్వలేదు. నీళ్ళు బందు చేశారు. పిల్లలు దాహంతో అల్లాడుతుంటే ఫరాత్ నది నుంచి తోలుతిత్తిలో నీళ్ళు తేబోయిన తమ్ముడు అబ్బాస్ రెండు చేతులూ నరికారు. అందుకే మన వైపు పానకం పోస్తారు, షర్బతు పంచుతారు. దప్పిక ఆ పండుగకు మూలం.

పీరీల మీద పంజా గుర్తు చూసి ఉంటారు, ఐదు వేళ్ళ అరచెయ్యి. ప్రవక్త ఇంటి ఐదుగురికీ గుర్తు అంటారు, అబ్బాస్ చెయ్యి అని కూడా అంటారు. ఏదైనా గాని, మన గొల్లవాడూ మన మాదిగవాడూ భుజాన ఎత్తుకొని ఊరంతా తిప్పింది ఆ చేతినే. తన మతంవాడే అయిన ప్రభువుకు ఇవ్వని చేతిని. ఎవరూ పుస్తకంలో చదివి కాదు, అయినా తెలంగాణ పల్లె నాలుగైదు వందల ఏళ్ళుగా మోసింది ఆ నిరాకరణనే.

షోయబ్ చెయ్యి నరికిన రాత్రి చరిత్ర తెలిసిన ముస్లింలకు కర్బలా గుర్తు రాకుండా ఉంటుందా?

3

ఇస్లాంలో మతమూ రాజ్యమూ ఒకటేననీ, విడదీయరానివనీ చాలామంది అంటారు. ఇస్లాంను ఇష్టపడనివాళ్ళు అంటారు, ఇస్లాం పేరు మీద రాజ్యం కోరేవాళ్ళూ అంటారు. ఇద్దరి మాటా ఒకటే కావడం దగ్గర మనం కొంచెం ఆగి ఆలోచించాలి.

చరిత్ర అంత తేలికగా లేదు. ప్రవక్త మదీనాకు వెళ్ళాక అక్కడి యూదు తెగలతో కలిసి ఒక ఒడంబడిక రాసుకున్నారు. అందులో యూదులు యూదులుగానే ఉంటారు, ఊరి రక్షణలో మాత్రం అందరూ ఒక జనం. ప్రవక్త తరువాత ఖలీఫా ఎవరు, ఎట్లా ఎన్నుకోవాలి అన్నదానికి ఒకే పద్ధతి లేదు. అబూబకర్ సభలో కొందరి బైఅత్‌తో వచ్చారు. ఉమర్‌ను ముందు ఉన్న ఖలీఫాయే పేర్కొన్నారు. ఉస్మాన్‌ను ఆరుగురి సంఘం ఎన్నుకుంది. అలీకి మదీనా జనం చెయ్యి ఇచ్చారు. నలుగురిలో ముగ్గురు హత్యకు గురయ్యారు. రాజ్యం నడిపే విధానమంతా దేవుడే గీసి ఇచ్చి ఉంటే, ప్రవక్తను కళ్ళారా చూసినవాళ్ళే ఇన్ని తీర్ల నడవవలసి వచ్చేదా?

ఇంకొక సంగతి. మన వేములవాడ మసీదులోనూ, సిరిసిల్లలోనూ, కరీంనగర్‌లోనూ నమాజు చేసేవాళ్ళలో ఎక్కువమంది హనఫీలు, అంటే ఇమామ్ అబూ హనీఫా చూపిన పద్ధతిలో నడిచేవాళ్ళు. ఆయనను ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి తీసుకోమన్నాడు. ఆయన ఒప్పుకోలేదు, జైలుకు వెళ్ళాడు. 767లో చనిపోయాడు. ఆ తరువాతి వాడు అహ్మద్ ఇబ్న్ హంబల్. ఖురాన్ గురించి ఒక సిద్ధాంతాన్ని సర్కారు సిద్ధాంతంగా చేసి, పండితులంతా ఒప్పుకొని తీరాలని 833లో ఖలీఫా హుకుం జారీ చేశాడు. ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు, కొరడా దెబ్బలు తిన్నాడు. దేవుడి మాట అంటే ఏమిటో తేల్చే హక్కు ఖలీఫాకు లేదని ఆయన వీపు చెప్పింది. ఇట్లాంటివాళ్ళ పేరు మీదనే సున్నీల మజ్‌హబులు, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలు, నిలబడ్డాయి. కొరడా పట్టినవాడి పేరు మీద మజ్‌హబు లేదు. మన దేశంలో నిజాముద్దీన్ ఔలియా ఢిల్లీలోనే ఉండి సుల్తానుల దర్బారు గడప తొక్కలేదు. షియాలు, సున్నీలు, సూఫీలు తమలో తాము ఎన్నింటిలో విభేదించినా, చెయ్యి ఇవ్వనివాణ్ణి గౌరవించడంలో ముగ్గురూ కలుస్తారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వాదం మళ్ళీ రగిలింది. 1924 మార్చిలో తుర్కీ ఖలీఫా పదవినే రద్దు చేసింది. మరుసటి ఏడాది ఈజిప్టులో అలీ అబ్దుల్ రాజిక్ అనే అజ్‌హర్ పండితుడు, ప్రవక్తది మత సందేశమే గాని రాజ్యస్థాపన కాదని, ఖిలాఫత్ మతంలో భాగం కాదని పుస్తకం రాశాడు. పండితుల సంఘం ఆయన పట్టా లాగేసుకుంది. ఇక మన దక్కను మాట. పదవి పోయిన ఆ చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ 1931లో మన నిజాం పెద్ద కొడుకును పెళ్ళాడి హైదరాబాదు కోడలయింది. ఔరంగాబాదులో పుట్టి హైదరాబాదులో పత్రిక నడిపిన మౌలానా మౌదూదీ, సార్వభౌమత్వం దేవుడిదే కనుక రాజ్యం కూడా దేవుడి చట్టానికే లోబడాలని వాదించి 1941లో జమాఅతె ఇస్లామీ స్థాపించాడు. ఆయన కన్నా ముందే, 1938లో, దేవ్‌బంద్ పెద్ద హుసేన్ అహ్మద్ మదనీ ఇంకొక మాట అన్నాడు. ఖౌమ్, అంటే జాతి, నేలను బట్టి ఏర్పడుతుంది, ఈ నేల మీది హిందువులూ ముస్లింలూ ఒకే ఖౌమ్ కావచ్చు, ఇస్లాం దానికి అడ్డు రాదు అని. కవి ఇక్బాల్ ఆయనతో తీవ్రంగా విభేదించాడు. ఇద్దరూ ఖురాన్ చదివినవాళ్ళే, ఇద్దరూ నమాజీలే. నేను మదనీ పక్షం. ముస్లింను కాని నేను ఆ వాదంలో తీర్పరిని కాను గాని, ఈ నేల మీద బతికే మనిషిగా నాకు ఆ మాటలో నా చోటు కూడా కనబడింది.

వాదం అంతా ముస్లింలదే అనుకోకండి. ఇదే ప్రశ్న వేములవాడలో వెయ్యేళ్ళ కింద ఒక జైన ముని ముందు ఉండింది. సోమదేవసూరి. మన చాళుక్య రాజుల కాలంలో ఇక్కడికి దగ్గరలోని గంగాధరలో 959లో 'యశస్తిలక చంపువు' ముగించాడు. ఆయన కోసం బద్దెగ రాజు ఈ ఊళ్ళో శుభధామ జినాలయం కట్టించాడు. దానికి రాజు కొడుకు అరికేసరి ఒక గ్రామం ఇచ్చినట్టు 966 నాటి పర్భణీ తామ్రశాసనం చెబుతోంది. శివాలయాలు నిలిపిన వంశమే జినాలయమూ కట్టింది. ఆ ముని రాజనీతి మీద 'నీతివాక్యామృతం' రాశాడు. సర్వం వదిలిన దిగంబర ముని తన గ్రంథాన్ని మొదలుపెట్టింది రాజ్యానికి నమస్కరించి. జనం ధర్మంగా బతకడానికి, సంపాదించుకోవడానికి, సుఖపడడానికి రాజ్యం నీడ కావాలి, అందుకు ఆ నమస్కారం. రాజ్యం జైనం కావాలని ఆయన అడగలేదు. ఆ నీడ కింద ఎవరి నోములు వాళ్ళు నోచుకుంటారు. దీనికి మించిన రాజనీతి నాకు ఇంతవరకు కనబడలేదు.

4

ఇక హైదరాబాదు రాజ్యం. అప్పటి జనంలో ముస్లింలు నూటికి సుమారు 13 మంది. నిజాం సర్కారులో ఉమూరె మజహబీ అని మత వ్యవహారాల శాఖ ఉండేది. మసీదుల లెక్కా, గుళ్ళ లెక్కా అదే చూసేది. భద్రాచలానికి, యాదగిరిగుట్టకు నిజాంల కాలంలో సాయం అందింది. ఇది నిజం. పై ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఒక మతంవాళ్ళవే కావడం, తెలుగు బడి పెట్టుకోవడానికి అనుమతి కోసం తిరగవలసి రావడం కూడా నిజం. రెండింటిలో ఒకదాన్ని దాచి రెండోది చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

1927లో పుట్టిన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1930ల చివరలో బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో ఒక కొత్త సిద్ధాంతం ముందుకు తెచ్చింది. ఈ రాజ్యానికి ప్రభువు నిజాం ఒక్కడే కాదు, ప్రతి ముస్లిమూ ప్రభువే, నిజాం వాళ్ళ ప్రభుత్వానికి ప్రతీక అని. ఆయన గొప్ప వక్త. 1944లో చనిపోయాడు. తరువాత సంస్థ ఖాసిం రజ్వీ చేతికి వచ్చింది. రజాకార్లు చెలరేగారు.

ఆ సిద్ధాంతాన్ని ఒక్కసారి వేములవాడ బజారులో నిలబెట్టి చూడండి. దూదేకులతను పొద్దస్తమానం దూది ఏకి రెండు రూకలు సంపాదిస్తాడు. టాంగావాడు, చాపలు అల్లే ఆమె, దొర గడిలో వెట్టి చేసే ముస్లిం కుటుంబం. వాళ్ళకు నువ్వే ప్రభువువి అన్నారు. పన్ను తగ్గిందా? వెట్టి తప్పిందా? ఏమీ రాలేదు. వచ్చింది ఒక్క పేరు. రాజ్యం పోయిన నాడు ఆ పేరుకు మూల్యం కట్టింది మాత్రం వాళ్ళే. నిజాంను లొంగదీసిన భారత సైనిక చర్య తరువాత కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందంలో 'పయామ్' పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్నారు. తక్కువలో తక్కువ వేసినా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని వాళ్ళు రాశారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. పోయినవాళ్ళలో చాలామందికి రజాకార్లతో ఏ సంబంధమూ లేదు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. రజాకార్ల కాలంలో కాలిపోయిన ఇళ్ళ గురించి మన ఇళ్ళల్లో కథలు కథలుగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి. ఆ తరువాతి నెలల్లో బావుల్లో తేలిన శవాల గురించి ఎంతమంది ఇళ్ళల్లో చెప్పారు?

షోయబ్ ఆ 'ప్రభువు' పట్టం తనకు వద్దన్నారు. పుట్టుకతో వచ్చిన లాభాన్ని కాదన్నారు. మతం ఆయన దగ్గరే ఉంది, దాన్ని రాజ్యానికి తాకట్టు పెట్టలేదు, అంతే.

ఇక్కడ హిందూ సోదరులకు ఒక మాట చెప్పాలి, నాకు నేను చెప్పుకుంటున్నట్టే. షోయబ్ పేరు మనకు చాలా ఇష్టం. ముస్లింలను నిలదీయడానికి ఆయన పేరు వాడుకుంటాం, చూశారా మీలోనే ఒక మంచివాడు ఉన్నాడు అంటాం. అట్లా అనడం ఆయనకు చేసే గౌరవం కాదు. ఆయన హత్యకు ఏడు నెలలు కూడా ముందు కాదు, 1948 జనవరి 30న, గాంధీని కాల్చింది ఒక హిందువు. ప్రార్థనకు పోతుంటే కాల్చాడు. అదే ఏడాది రెండు మతాల్లోనూ చెయ్యి ఇవ్వనివాళ్ళను సొంతవాళ్ళే చంపారు. పక్కింటి షోయబ్‌ను తలచుకునే ముందు మన ఇంట్లో ఇప్పుడు, ఈ ఏడాది, మన గుంపు మాటకు తల ఊపనివాణ్ణి మనం ఎట్లా చూస్తున్నామో చూసుకోవాలి. ఏ పార్టీ అయినా మతం పేరుతో ఓటు అడిగినప్పుడు నేను ఈ ఒక్క సంగతే చూస్తాను, సొంత మతంలో కాదన్నవాడితో వీళ్ళు ఎట్లా నడుచుకుంటున్నారు? పరాయివాణ్ణి ప్రేమిస్తామని ఎవరైనా వేదిక మీద చెప్పగలరు. ఇంట్లో ఎదురు చెప్పినవాడు క్షేమంగా ఉన్నాడంటేనే ఆ మాట నమ్ముతాను.

5

చివరిది, అన్నింటికన్నా ఇబ్బంది అయినది.

ఈ మధ్య చాలా ఊళ్ళల్లో పీరీల దగ్గరికి ముస్లిం యువకులు రావడం తగ్గింది. మతం పాడైపోయింది, పాత మంచి సాయిబులు పోయి కొత్త ఛాందసులు వచ్చారు అని మన హిందువులు నిట్టూరుస్తారు. నేనూ అట్లా అనుకున్నవాణ్ణే. తరువాత ఒక యువకుడితో కూర్చుని మాట్లాడాను. సార్, మా ధర్మానికి మూలం తౌహీద్, దేవుడు ఒక్కడే, ఆయనకు సాటి లేరు, మేము సమాధికి మొక్కం, కర్రకు మొక్కం, ఇది మీ మీద కోపం కాదు అన్నాడు. నేను ఖురాన్ తెలుగులో చదివినదాన్ని బట్టి అతని మాటలో అబద్ధం లేదు. మన దర్గా ముందు దండం పెట్టే ముస్లిమే మంచి ముస్లిం అని మనం కొలబద్ద పెట్టుకుంటే, మన ఆచారాన్ని ఒప్పుకున్నవాడితోనే స్నేహం చేస్తామన్నట్టు అవుతుంది. అది కూడా ఒక రకం బైఅత్ అడగడమే. అతనికి చెయ్యి ఇవ్వకుండా ఉండే హక్కు ఉంది. పీరీలకు మొక్కే ముస్లింకు, ఆశన్నకు దట్టీ కట్టే హిందువుకు, ఎవరూ అడ్డం పడకుండా మొక్కుకునే హక్కూ అంతే ఉంది. ఆ యువకుడికీ ఈ మాట చెప్పాను. మీ అమ్మ దట్టీ కడితే నువ్వు వాదించు, లాగెయ్యకు అన్నాను. ఒప్పుకున్నాడు. ఖురాన్ రెండో సూరా 256వ ఆయతు మత విషయంలో బలవంతాన్ని తోసిపుచ్చుతుందని అతనే నాకు చూపించాడు.

మాట్లాడుకోవడం అంటే నాకు అప్పుడు తెలిసింది. కలిసి ప్రసాదం తినడం కన్నా అది కష్టం. ఒకరి నమ్మకం ఇంకొకరికి ఒప్పుదల కాని చోట కూర్చుని, లేచి పోకుండా వినాలి.

దానికి మనకు భాష ఉంది. స్వాతంత్ర్యానికి ముందే చిలుకూరి నారాయణరావు గారు, భాషాశాస్త్రం చదువుకున్న పండితుడు, ఖురాన్‌ను తెలుగు చేశారు. ఆ తరువాత ముస్లిం పండితులే తెలుగులో అనువాదాలు చేశారు, ఇప్పుడు అవి సులభంగా దొరుకుతాయి. పిఠాపురంలో ఉమర్ అలీషా గారు సూఫీ పీఠానికి గురువై ఉండి తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు, ఉమర్ ఖయ్యామ్‌ను తెలుగు చేశారు, కేంద్ర శాసనసభకు ఎన్నికై 1945లో కన్నుమూసేదాకా అందులో ఉన్నారు. ఒకే మనిషి గురువూ, కవీ, శాసనసభ్యుడూ. ఆయన్ని మన తెలంగాణ కాలేజీల్లో ఎందుకు చదవరు అని నేను తెలుగు శాఖలను అడుగుతూనే ఉన్నాను. ఇటు కుర్క్యాల గుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో రాయించిన శాసనం ఉంది. మూడు భాషల్లో ఒకే బండ మీద రాసుకున్నవాళ్ళం, రెండు లిపుల్లో ఒకరి పుస్తకం ఒకరం చదవలేమా? ముస్లిం మిత్రులకూ ఇదే మనవి. శివుడంటే ఏమిటో, కోడె ఎందుకు కడతారో మమ్మల్ని అడగండి. ఇంత దగ్గర ఉండి మీరూ అడగలేదు.

గుడి విస్తరణ మాట వచ్చినప్పుడల్లా ఆవరణలోని దర్గా మాట కూడా ఊళ్ళో వస్తూనే ఉంది. దాని గురించి ఏది తలపెట్టినా రెండు మతాల ఊరివాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టి, పగటి వెలుతురులో తేల్చాలి. ఇంజనీరు గీసిన పటం ఒక్కటే దానికి చాలదు, ఎన్నికల లెక్క అసలే పనికిరాదు.

నాది ఒకే ఒక్క అభ్యర్థన, కాలేజీ పిల్లలకు. 1948లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు దాదాపు తొంభై ఏళ్ళు. వేములవాడలో, చుట్టుపక్కల పల్లెల్లో వాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. రజాకార్లను చూసినవాళ్ళు, తరువాత జరిగింది చూసినవాళ్ళు, పీరీల కొట్టం తాళం ఎవరి ఇంట్లో ఉండేదో తెలిసినవాళ్ళు. హిందువుల ఇళ్ళకు పోండి, ముస్లింల ఇళ్ళకూ పోండి. ఇద్దరిద్దరుగా పోండి, ఒకరికి ఉర్దూ రావాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, మీకు నచ్చనిది కూడా, రాసుకోండి. వచ్చే శివరాత్రి దాకా ఆగవద్దు. రేపే మొదలుపెట్టండి.